పండగల నెలల్లో తొలి దూరపు పరుగు

వాన వెనక్కి తగ్గి, చలి ఇంకా ముదరని రోజులివి. ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగుకు సిద్ధం కావడానికి మన నేలమీద ఇంతకన్నా మంచి కాలం లేదు. అందుకోసం ఊరు దాటక్కర్లేదు, పండగలు మానుకోనక్కర్లేదు.

మన ఊళ్లలో పరుగు మొదలుపెట్టేవాళ్లలో చాలామంది జనవరి ఒకటో తారీఖున బూట్లు కొంటారు. సంక్రాంతి దాకా ఉత్సాహంగా పరుగెత్తుతారు. శివరాత్రి దాటి ఎండ చురుక్కుమనేసరికి ఒక్కొక్క రోజే ఎగ్గొడతారు. ఉగాదికి బూట్లు అటకెక్కుతాయి. తప్పు వాళ్ల పట్టుదలది కాదు, ఎంచుకున్న కాలానిది. చల్లని నెలల్లో మొదలైన అభ్యాసం సరిగ్గా పెరగాల్సిన సమయానికి ఎండాకాలంలోకి వెళ్లి పడుతోంది.

ఈ వరుసను తిరగేసి చూడండి. వినాయక చవితికి మొదలుపెడితే ప్రతి వారం గాలి కాస్త చల్లబడుతూ వస్తుంది. మన దూరం పెరుగుతున్నకొద్దీ రుతువు మనకు అనుకూలిస్తూ పోతుంది. ఆశ్వయుజం, కార్తీకం కలిసిన శరదృతువంతా అభ్యాసానికి. మార్గశిరంలో పందెం. విశాఖపట్నంలో తూర్పు నౌకాదళం ఆధ్వర్యంలో జరిగే వైజాగ్ నేవీ మారథాన్ కూడా కొన్నేళ్లుగా నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతోంది. నా తొలి హాఫ్ మారథాన్‌కు ఈ సాగరతీరంలోనే, ఇంటి దగ్గరే సిద్ధమయ్యాను. ఆ శరత్తును చూసినట్టుగా అంతకుముందు ఏ శరత్తునూ చూడలేదు. పరుగు మొదలుపెట్టాలనుకునే ప్రతి ఒక్కరికీ ఈ కాలాన్నే సిఫారసు చేస్తున్నాను.

ఈ కాలమే ఎందుకు?

పరుగెత్తేటప్పుడు కండరాల్లో ఖర్చయ్యే శక్తిలో సుమారు నాలుగింట మూడొంతులు వేడిగానే మారిపోతుంది. ఆ వేడిని బయటికి పంపడానికి ఒంటికున్న ప్రధానమైన దారి చెమట. చెమట కారినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, అది ఆవిరి కావాలి. గాలిలో తేమ నిండి ఉంటే చెమట ఒంటిమీదే నిలిచి ధారలుగా కారుతుంది గానీ ఆరదు. అప్పుడు గుండె రెండు పనులు చేయాలి. కండరాలకు రక్తం పంపాలి, వేడిని వదిలించడానికి చర్మానికీ పంపాలి. అందుకే జులైలో ఆయాసపెట్టిన వేగమే నవంబరులో హాయిగా అనిపిస్తుంది.

హైదరాబాద్ మారథాన్ ఏటా ఆగస్టులో జరుగుతుంది. హుస్సేన్‌సాగర్ ఒడ్డున నెక్లెస్ రోడ్డు దగ్గర మొదలై, ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ గచ్చిబౌలి వైపు సాగే ఆ దారి దేశంలోని కష్టమైన దారుల్లో ఒకటని పరుగరులు చెప్పుకుంటారు. గొప్ప పందెమే. కానీ దానికి సిద్ధపడాలంటే నడి వేసవిలో మొదలుపెట్టాలి. అనుభవం ఉన్నవాళ్లకు అది సవాలు. మొదటిసారి పరుగెత్తేవాళ్లు ఆ ఎండకే భయపడి మానేసే ప్రమాదం ఉంది.

ప్రపంచంలోని పెద్ద మారథాన్లలో కొన్ని కూడా శరత్తునే నమ్ముకున్నాయి. బెర్లిన్ సెప్టెంబరు చివర్లో, షికాగో అక్టోబరులో, న్యూయార్క్ నవంబరు మొదటి ఆదివారం జరుగుతాయి. ఎలియుడ్ కిప్చోగే 2022లో బెర్లిన్‌లో 2 గంటల 1 నిమిషం 9 సెకన్లలో, మరుసటి ఏడాది అక్టోబరులో కెల్విన్ కిప్టుమ్ షికాగోలో 2 గంటల 35 సెకన్లలో మారథాన్ ముగించి ప్రపంచ రికార్డులు నెలకొల్పారు. ఆ రెండూ చల్లని శరత్కాలపు ఉదయాలే.

మన శరత్తు అంత చల్లగా ఉండదు. సముద్రతీరంలో అక్టోబరు మొదట్లో ఉక్కపోత బాగానే ఉంటుంది. అయినా తేడా వారం వారం తెలుస్తుంది. విశాఖలో ఇంకో సౌకర్యం కూడా ఉంది. తూర్పున ఉన్న ఊరు కాబట్టి హైదరాబాద్ కంటే దాదాపు ఇరవై నిమిషాల ముందే ఇక్కడ తెల్లవారుతుంది. బీచ్ రోడ్డులో కొంత భాగాన్ని తెల్లవారుజామున వాహనాలకు మూసేసి నడిచేవాళ్లకు, పరుగెత్తేవాళ్లకు వదిలేస్తారు. వెలుతురు, ఖాళీ రోడ్డు, ఒడ్డు గాలి మూడూ ఒకే గంటలో దొరుకుతాయి.

పంచాంగంలోనే ప్రణాళిక

మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట నుంచి స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటు వరకు పెట్టిన దూరం అది. 1921లో అదే అధికారిక దూరంగా స్థిరపడింది. అందులో సగం, అంటే 21 కిలోమీటర్ల మీద మరో వంద మీటర్లకు కాస్త తక్కువ దూరం హాఫ్ మారథాన్. రోజూ నడిచే అలవాటున్న ఆరోగ్యవంతులు పద్నాలుగు వారాల్లో దానికి సిద్ధం కావచ్చు. భాద్రపద శుద్ధ చవితి నుంచి మార్గశిర మధ్యం వరకు లెక్కపెడితే సరిగ్గా అన్ని వారాలే వస్తాయి.

భాద్రపదంలో పరుగు, నడక కలిపి చేయాలి. రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక చొప్పున అరగంట. వారానికి మూడు రోజులు చాలు. మహాలయ పక్షం ముగిసేసరికి ఆగకుండా మూడు నాలుగు కిలోమీటర్లు వెళ్లగలగాలి.

ఆశ్వయుజంలో ఆదివారాన్ని పొడుగు పరుగుకు కేటాయించుకోవాలి. పరుగరులు దీన్ని లాంగ్ రన్ అంటారు. దసరాకు ఏడు, దీపావళికి పది కిలోమీటర్లు లక్ష్యం. వారంలో మిగిలిన రెండు పరుగులూ నాలుగైదు కిలోమీటర్లు మించనక్కర్లేదు. ప్రతి నాలుగో వారం దూరం తగ్గించి ఒంటికి ఊపిరి తీసుకోనివ్వాలి.

కార్తీకం అసలైన నెల. పన్నెండు, పద్నాలుగు, పదహారు అంటూ ఆదివారపు దూరం పెరుగుతుంది. ఒకసారి పద్దెనిమిదికి వెళితే చాలు, పందేనికి ముందే ఇరవై ఒకటి పరుగెత్తి చూడాల్సిన పని లేదు. పోలి పాడ్యమి నాటికి దూరం తగ్గించడం మొదలుపెట్టాలి. చివరి రెండు వారాల విశ్రాంతిలోనే ఒళ్లు తాను చేసిన కష్టాన్ని బలంగా మార్చుకుంటుంది.

ఏడాదిని బట్టి పందెం నవంబరులోనే పడితే పది కిలోమీటర్ల పరుగుకు పేరివ్వండి. అదీ దూరపు పరుగే. మరుసటి ఏడాది హాఫ్ ఎలాగూ ఉంటుంది.

నెమ్మది నేర్చుకోవడమే కష్టం

కొత్తవాళ్లందరిదీ ఒకటే ఇబ్బంది. పరుగు అనగానే స్కూల్లో వంద మీటర్ల పందెం గుర్తొస్తుంది. గట్టిగా ఊపిరి బిగపట్టి ఉరుకుతారు, అర కిలోమీటరుకే వంగి మోకాళ్లు పట్టుకుంటారు. తమకు దమ్ము లేదనుకుంటారు. దమ్ము ఉంది, వేగమే ఎక్కువైంది.

దూరపు పరుగుకు కొలత వాచీలో లేదు, నోట్లో ఉంది. పక్కనున్న మనిషితో పూర్తి వాక్యం మాట్లాడుతూ పరుగెత్తగలిగితే అది సరైన వేగం. రెండు మాటలకే ఊపిరి తెగితే తగ్గించాలి. ఈ నెమ్మదైన పరుగులోనే కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి, శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు పెరుగుతాయి, కొవ్వును ఇంధనంగా వాడుకునే నేర్పు ఒంటికి వస్తుంది. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే మెరుగవుతాయి. ఎముకలకు, కీళ్ల దగ్గరి స్నాయువులకు నెలలు పడుతుంది. ఊపిరి బాగుంది కదా అని వేగం పెంచేవాళ్లకు పిక్క, మడమ, మోకాలు ఎదురు తిరగడానికి కారణం ఈ తేడాయే.

విశాఖలోని జోడుగుళ్లపాలెం దగ్గర తెల్లవారుజామున జాలర్లు అలివి వల లాగుతుంటారు. సముద్రంలో దూరంగా వేసిన వలకు రెండు కొసల్లో తాళ్లు. ఒక్కో తాడుకు ఒక్కో గుంపు. ముందున్న మనిషి ఒడ్డు మీదికి వచ్చేదాకా లాగి, తాడు వదిలి, మళ్లీ నీళ్లవైపు వెళ్లి పట్టుకుంటాడు. ఎవరూ గుంజరు. ఒక్క లయలో, మడమలు ఇసుకలో దించి, వెనక్కి అడుగులు వేస్తూ లాగుతారు. ఆ దారిన పోతున్న నన్ను చూసి ఒక పెద్దాయన, "ఏటి బాబూ, అంత ఆయాసమెందుకు? నెమ్మదిగా ఎల్లు, రోడ్డు ఎక్కడికీ పోదు" అన్నాడు. తాడు పొడుగెంతో తెలిసినవాళ్లు తొందరపడరు. దూరపు పరుగూ అంతే.

ఉపవాసం, పొగ, తుపాను

పండగలు వస్తే అభ్యాసం చెడిపోతుందని కొందరి భయం. నిజానికి పండగలే విశ్రాంతి రోజులు. కార్తీక సోమవారం ఉపవాసం ఉండేవాళ్లు ఆదివారం పొడుగు పరుగు పెట్టుకుని, రాత్రి కడుపునిండా తిని, సోమవారం పూర్తిగా విశ్రాంతి తీసుకోవచ్చు. ఉపవాసం నాడు మాత్రం పరుగు వద్దు. మధుమేహానికి మందులు వాడేవాళ్లు ఉపవాసం, పరుగు రెండింటి గురించీ ముందే డాక్టరును అడగాలి.

దీపావళి రాత్రీ ఆ మర్నాడు పొద్దునా బయట పరుగెత్తకూడదు. టపాసుల పొగలోని సన్నని ధూళి నేలకు దగ్గరగా పేరుకుని ఉంటుంది. పరుగెత్తేటప్పుడు మామూలు కంటే కొన్ని రెట్లు ఎక్కువ గాలి లోపలికి తీసుకుంటాం కాబట్టి ఆ ధూళీ అంతే ఎక్కువగా లోపలికి పోతుంది. ఒక రోజు ఆగితే పోయేదేమీ లేదు.

తీర జిల్లాలవాళ్లకు శరత్తు అంటే తుపాన్ల కాలం కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటింది. నగరంలో లెక్కలేనన్ని చెట్లు కూలిపోయాయి. నీడనిచ్చే దారులు ఒక్క రోజులో బోడిగా మారాయి. ఇప్పుడు మనం పరుగెత్తే దారుల్లో కొన్నిచోట్ల కనిపించే లేత నీడ ఆ తర్వాత నాటిన మొక్కలది. తుపాను హెచ్చరిక వస్తే ఒడ్డు వైపు వెళ్లవద్దు. ఇంట్లోనే గుంజీలు, మెట్లు ఎక్కి దిగడం, గోడకు ఆని పిక్కలు సాగదీయడం చాలు.

పరుగయ్యాక ఇల్లు

ఈ అభ్యాసంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆదివారం పరుగు ముగించి ఇంటికి చేరాక మిగిలిన రోజు. ఒళ్లు అలసి, మనసు తేలికపడి, ఎక్కడికీ వెళ్లాలనిపించదు. అలాంటి రోజునే ఇంటి చుట్టూ ఉన్న శరత్తు కంటికి ఆనుతుంది.

గేటు దగ్గర పారిజాతం రాత్రంతా పూసి తెల్లవారేసరికి రాలుస్తుంది. నారింజ రంగు కాడ, తెల్లని రేకులు. చాలావరకు బోర్లా పడి, కాడలు పైకి చూస్తుంటాయి. పది గంటల ఎండ తగిలితే వాడిపోతాయి కాబట్టి బూట్లు విప్పుతూనే ఏరుకోవాలి. మెట్టు మీద కూర్చుని మడమలు తడుముకుంటూ ఏరిన ఆ దోసెడు పూలకు దేవుడి గదిలో ఎదురుచూపులుంటాయి.

తర్వాత తిండి. పొడుగు పరుగు తర్వాత ఒళ్లు అడిగేవి పిండిపదార్థం, మాంసకృత్తులు, ఉప్పు, నీళ్లు. మన వంటిళ్లలో ఇవన్నీ ఉన్నాయి. ఇడ్లీ, సాంబారు చాలు. అట్లతద్దికి పోసిన అట్లు, నాగుల చవితి చలిమిడి, నువ్వులూ బెల్లమూ కలిపి దంచిన చిమ్మిలి పరుగరికి పంచామృతం లాంటివి. బాలానగర్ సీతాఫలాలు తెలంగాణ సంతల్లో గంపలకొద్దీ దిగేదీ ఇప్పుడే. ముగ్గిన పండును రెండుగా విప్పి, గింజ గింజకూ గుజ్జు నోట్లో కరిగించుకుంటూ తింటే అరగంట ఇట్టే గడుస్తుంది. అలసిన మనిషికి ఆ అరగంట అవసరం.

ఇక మధ్యాహ్నం నిద్ర. దాన్ని బద్ధకం అనకండి. కండరాల మరమ్మతు ఎక్కువగా నిద్రలోనే జరుగుతుంది. సాయంత్రం తులసికోట దగ్గర దీపం పెట్టి, ఆ వెలుగులో ఇంట్లోవాళ్లతో కూర్చుని కబుర్లు చెప్పుకునే కార్తీకం మనకు ఉంది. ఉసిరి చెట్టు నీడలో వనభోజనాలు ఉన్నాయి. తెలంగాణ పల్లెల్లో తంగేడు, గునుగు పూసి బతుకమ్మలుగా పేర్చే రోజులివి. దసరా నాడు పాలపిట్ట కనిపిస్తే మంచిదని పొలాల వైపు నడిచే ఆచారం ఉంది. ఆ గట్ల మీదే కాస్త దూరం పరుగెత్తి చూడండి. అరకులో వలిసె పూలు కొండవాలుల్ని పసుపు చేసే కాలమూ ఇదే. కారు అద్దంలోంచి ఎన్నేళ్లు చూసినా పట్టుబడని చిన్న మార్పులు కాలి వేగంతో వెళ్లేవారికి తెలుస్తాయి. ఏ మలుపులో గాలి చల్లబడిందో, ఏ వారం మంచు గడ్డి మీద నిలిచిందో, ఏ ఇంటి ముందు ముద్దబంతి విచ్చిందో చెప్పగలుగుతాం.

పందెం రోజు

ముందు రోజు రాత్రే మీ నంబరున్న బిబ్‌ను బనియనుకు నాలుగు పిన్నులతో గుచ్చి పెట్టుకోండి. ఆ బిబ్ వెనకే చాలా పందేల్లో చిన్న చిప్ ఉంటుంది. మొదలయ్యే గీత, ముగిసే గీత దాటినప్పుడు మీ సమయాన్ని అది నమోదు చేస్తుంది. గుంపులో వెనక నిలబడినా నష్టం లేదు. మీ లెక్క మీరు గీత దాటినప్పుడే మొదలవుతుంది.

విశాఖ తీరంలో పరుగు చీకటి ఉండగానే మొదలవుతుంది. ఆర్కే బీచ్‌లో కాళీమాత ఆలయం, 2002 నుంచి మ్యూజియంగా ఒడ్డున నిలిచిన కుర్సురా జలాంతర్గామి, విక్టరీ ఎట్ సీ స్మారకం ఒకదాని వెనక ఒకటి దాటిపోతాయి. జనం, వెలుగులు, చప్పట్లు. ఇక్కడే అందరూ తాము అనుకున్నదాని కంటే వేగంగా వెళ్లిపోతారు. మొదటి మూడు కిలోమీటర్లు కావాలనే నెమ్మదిగా వెళ్లినవాళ్లకు ఆ ఫలం చివరి మూడింటిలో దక్కుతుంది.

తెన్నేటి పార్కు దగ్గర రోడ్డు ఎత్తు ఎక్కుతుంది. కైలాసగిరి ఎడమన, సముద్రం కుడిన. ఎత్తులో వేగం కాదు, శ్రమ ఒకేలా ఉంచుకోవాలి. అడుగులు చిన్నవి చేసి, చూపు పది అడుగుల ముందు నిలిపి ఎక్కితే కాళ్లు మిగులుతాయి. అది దాటాక రుషికొండ వైపు దారి తెరుచుకుంటుంది, తూర్పు ఎర్రబడుతుంది.

కండరాల్లో, కాలేయంలో కలిపి సుమారు 400 నుంచి 500 గ్రాముల గ్లైకోజెన్ నిల్వ ఉంటుంది. ఫుల్ మారథాన్‌లో ముప్ఫయ్యో కిలోమీటరు చుట్టుపక్కల అది అడుగంటి కాళ్లు మొరాయిస్తాయి. హాఫ్‌కు ఆ నిల్వ చాలావరకు సరిపోతుంది. అందుకే మొదటి దూరపు పరుగుగా హాఫ్ సరైన మెట్టు. దాహం వేసినప్పుడు తాగండి, కనిపించిన ప్రతి గ్లాసూ తాగకండి. అతిగా నీళ్లు తాగితే రక్తంలో సోడియం పలచబడి ప్రాణం మీదికి వస్తుంది.

నా తొలి హాఫ్‌లో పదహారో కిలోమీటరు దాటాక తొడలు బరువెక్కాయి. అప్పుడు ఆలోచించాల్సింది మిగిలిన దూరం గురించి కాదు, ముందున్న దీపస్తంభం గురించి. దాన్ని చేరాక తర్వాతి స్తంభం. అలా స్తంభం వెంట స్తంభం దాటుతూ గీత దాటాను. మెడలో వేసిన పతకం కన్నా, వారం వారం పెరిగిన నా ఊపిరి మీద వచ్చిన నమ్మకం నాతో ఎక్కువ కాలం ఉంటోంది.

మొదటిసారి పరుగెత్తేవాళ్లకు

• నలభై దాటినవాళ్లు, బీపీ, షుగరు, గుండె జబ్బు ఉన్నవాళ్లు ముందు డాక్టరును కలవాలి. పరుగులో ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం అనిపిస్తే వెంటనే ఆగాలి.

• బూట్లు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. బొటనవేలి ముందు కొంచెం ఖాళీ ఉండాలి.

• పందెం రోజు కొత్త బూట్లు, కొత్త బట్టలు, కొత్త తిండి వద్దు. అభ్యాసంలో ఏది ఒంటికి సరిపడిందో అదే.

• చంకలు, తొడల మధ్య ఒరుసుకునే చోట వేజలిన్ రాసుకోండి.

• లీటరు నీళ్లలో తలకొట్టిన ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపితే ఇంట్లోనే ఓఆర్ఎస్ తయారవుతుంది.

• నొప్పి నడకను మారుస్తుంటే ఆ వారం పరుగు మానేయండి.

అందరిదీ కావాలి

మహిళలకు ఒలింపిక్ మారథాన్ 1984 దాకా లేదు. ఆ ఏడాది లాస్ ఏంజెలెస్‌లో అమెరికాకు చెందిన జోన్ బెనాయిట్ తొలి విజేతగా నిలిచారు. అంత దూరం ఆడవాళ్లు తట్టుకోలేరన్న మాట అంతటితో చెల్లకుండా పోయింది. మన దగ్గర అడ్డంకి శక్తి కాదు, తెల్లవారుజామున రోడ్డు మీద భద్రత. అట్లతద్ది నాడు ఆడపిల్లలు చీకటి ఉండగానే లేచి, తిని, వీధుల్లో ఆడి, ఉయ్యాలలూగే సంప్రదాయం మనది. ఆ ఒక్క రోజుకు దక్కే వీధి ఏడాదంతా దక్కాలి. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి, కాలనీలో గుంపు కట్టండి, తోడు లేనివాళ్లను కలుపుకోండి.

వయసు కూడా అడ్డు కాదు. పంజాబ్‌లో పుట్టిన ఫౌజా సింగ్ 89 ఏళ్ల వయసులో 2000లో లండన్‌లో తన మొదటి మారథాన్ పరుగెత్తారు. 2011 అక్టోబరులో టొరంటోలో, వందేళ్లు దాటినట్టు చెప్పుకున్న వయసులో మరో మారథాన్ పూర్తి చేశారు. ఖరీదైన సరంజామా కూడా తప్పనిసరి కాదు. ఇవాళ్టి సరంజామా లేని రోజుల్లోనే, 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాల్లో మారథాన్ ముగించిన శివ్‌నాథ్ సింగ్ పేరిట జాతీయ రికార్డు నాలుగు దశాబ్దాలకు పైగా నిలిచింది.

కావాల్సిందల్లా దారి. విశాఖలో తెల్లవారుజామున వాహనాలు లేని రోడ్డు ఉన్నట్టే ప్రతి జిల్లా కేంద్రంలోనూ రోజుకు రెండు గంటలు ఒక రోడ్డు మనుషులకు దక్కాలి. చెరువు గట్టు కావచ్చు, కాలేజీ మైదానం చుట్టూ రోడ్డు కావచ్చు. పెద్ద ఖర్చు లేదు, నాలుగు అడ్డుకట్టలు, ఇద్దరు పోలీసులు, నాలుగు దీపాలు చాలు. మున్సిపాలిటీని అడగండి, అడుగుతూనే ఉండండి. అడగడానికి పదిమంది ఉంటే దారి వస్తుంది, దారి ఉంటే వందమంది వస్తారు.

ఈ శరత్తులో ఎన్ని వారాలు మిగిలి ఉంటే అన్ని వారాలు వాడుకోండి. ఇరవై ఒకటి కుదరకపోతే పది, పది కుదరకపోతే ఐదు. దగ్గరలో జరిగే పందేనికి ఇవాళే పేరివ్వండి. రేపు పొద్దున ఇంటి గేటు దాటి రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడకతో మొదలుపెట్టండి.